ఏ ప్రశ్నకు ఏ స్టాటిస్టికల్ టెస్ట్? థీసిస్ రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కాకతీయ మెడికల్ కాలేజీ పీజీలు, కాకతీయ యూనివర్సిటీ స్కాలర్లు, వరి, పత్తి, మిర్చి మీద ప్రయోగాలు వేసే వ్యవసాయ విద్యార్థులు. సబ్జెక్టులు వేరైనా వీళ్లందరూ అడిగేది ఒక్కటే: "సార్, దీనికి ఏ టెస్ట్ పెట్టాలి?" జవాబు చెప్పేముందు నేనూ ఒకటి అడుగుతాను. మీ ఎక్సెల్ షీట్‌లో ఒక వరుస అంటే ఏమిటి? ఒక మనిషా, ఒక కన్నా, ఒక ప్లాటా, ఒక ఊరా, ఒక రోజా? దీనికి తడుముకోకుండా జవాబు వస్తే టెస్ట్ సంగతి సగం తేలిపోయినట్టే. కింద వాడిన అంకెలన్నీ లెక్క చూపించడానికి వేసుకున్నవి, ఏ అధ్యయనం నుంచీ తెచ్చినవి కావు.

టెస్ట్ ఎప్పుడు ఎంచుకోవాలి? డేటా వచ్చాకనా, ముందేనా?

ముందే. సినాప్సిస్ రాసేటప్పుడే. ఏ టెస్ట్ చేస్తారో తేలకపోతే ఎంతమంది కావాలో తేలదు, ఏం కొలవాలో కూడా తేలదు. డేటా చేతికొచ్చాక నాలుగు టెస్టులు నడిపి, వాటిలో పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ, కాకతాళీయంగా కనబడే అవకాశం) బాగా వచ్చినదాన్ని ఉంచుకుంటే దాన్ని ఎంపిక అనరు. డేటా చూశాక మార్చాల్సిన అవసరం నిజంగానే రావచ్చు. అప్పుడు మార్చండి, ఎందుకు మార్చారో థీసిస్‌లో రాయండి.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయడంతో. "పత్తిలో గులాబీ రంగు పురుగు మీద అధ్యయనం" అన్నది టాపిక్ మాత్రమే. "ఈ మందు కొట్టిన ప్లాట్లలో పురుగు పట్టిన కాయల శాతం, కొట్టని ప్లాట్ల కన్నా తక్కువగా ఉందా?" అన్నది ప్రశ్న. ఆ వాక్యంలోనే కొలిచేదేమిటో, దేన్ని దేనితో పోలుస్తున్నామో బయటపడతాయి.

తర్వాత చూడాల్సింది, కొలిచినది ఏ రకం అని. హీమోగ్లోబిన్, దిగుబడి లాంటి అంకెనా? ఉంది, లేదు అనే రకమా? తక్కువ, మధ్యస్థం, తీవ్రం అనే వరుసక్రమమా? ఎన్ని రోజులకు జరిగింది అనే కాలమా? ఆపైన గుంపులు ఎన్ని, ఆ గుంపుల్లో ఉన్నది వేరువేరు మనుషులా లేక అదే మనుషులను రెండుసార్లు కొలిచారా. ఇంతవరకు తేలితే పుస్తకాల్లోని చార్టు చూసి ఎవరైనా టెస్ట్ పేరు చెప్పగలరు. చార్టు చెప్పనిది కిందిది.

"ఒక వరుస అంటే ఏమిటి" అని అంత పట్టుబట్టడం ఎందుకు?

తప్పుడు టెస్టుల్లో చాలావరకు పుట్టేది అక్కడే కాబట్టి. నార్మాలిటీ (డేటా గంట ఆకారంలో పరుచుకుందా అన్నది) గురించి పడే బెంగలో పదోవంతు దీని మీద పెట్టినా మన థీసిస్‌లు బాగుపడతాయి.

పత్తిలో నాలుగు మందులు పోల్చే ప్రయోగం అనుకుందాం. ఒక్కో మందుకు మూడు ప్లాట్లు, ఒక్కో ప్లాట్‌లో పది మొక్కలు చూసి పురుగు పట్టిన కాయలు లెక్కపెట్టారు. షీట్‌లో 120 వరుసలు వచ్చాయి. చాలామంది మందుకు 30 పరిశీలనలు ఉన్నాయనుకొని అనోవా (అనేక గుంపుల సగటులను ఒకేసారి పోల్చే టెస్ట్) నడిపేస్తారు. కానీ చీటీ వేసి మందు కేటాయించింది మొక్కకు కాదు, ప్లాట్‌కు. ఒక ప్లాట్‌లోని పది మొక్కలదీ ఒకే నేల, ఒకే తేమ. పక్క చేను నుంచి పురుగు వస్తే అన్నిటి మీదికీ వస్తుంది. అందుకే మందుకు ఉన్న అసలు పరిశీలనలు మూడే. పది మొక్కలు చూడటం వృథా కాదు, దానివల్ల ప్లాట్ విలువ నిలకడగా వస్తుంది. పరిశీలనల సంఖ్య మాత్రం పెరగదు.

లెక్కలో తేడా ఎంతో చూడండి. రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్ (ఒకేలాంటి నేలను ఒక బ్లాక్‌గా తీసుకొని, ప్రతి బ్లాక్‌లో అన్ని మందులకూ చీటీ వేసి ఒక్కో ప్లాట్ ఇచ్చే పద్ధతి) ప్రకారం ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (యాదృచ్ఛిక హెచ్చుతగ్గులను అంచనా వేయడానికి మిగిలిన విడి సమాచారం) (4 – 1) × (3 – 1) = 6. మొక్కలనే విడివిడి వరుసలుగా ఇచ్చి మామూలు అనోవా చేస్తే సాఫ్ట్‌వేర్ 116 చూపిస్తుంది. ఆ 116తో పీ విలువ అమాంతం పడిపోతుంది, గైడ్ సంతోషిస్తారు, వైవాలో తెలిసిన ఎగ్జామినర్ పట్టుకుంటారు. ఎర్రర్ డిగ్రీలు కనీసం 12 ఉండేలా చూసుకోమని వ్యవసాయ ప్రయోగాల పాఠంలో చెప్పే మాట ఒకటుంది. నాలుగు మందులతో అది కుదరాలంటే ఐదు రెప్లికేషన్లు (మందుకు ఐదేసి ప్లాట్లు) వేయాలి. మొక్కలు ఎక్కువ లెక్కపెట్టడం దానికి బదులు కాదు.

ఆసుపత్రిలో ఇదే తప్పు వేరే వేషంలో వస్తుంది. 50 మంది పేషెంట్లవి 100 కళ్లు. ఒకే నోట్లో ఎనిమిది పళ్లు. ఒకే పేషెంట్‌కు ఐదు రోజులు తీసిన షుగర్ రీడింగులు. ఊళ్లలో అయితే, పది ఊళ్లు తీసుకొని ఐదింట్లో ఆరోగ్య ప్రచారం చేసి, ఊరికి 40 మందిని అడిగి "మొత్తం 400" అంటారు. ప్రచారం జరిగింది ఊరికి, కాబట్టి తూకం వేయాల్సింది పది ఊళ్లను. వీటికి రెండు దారులు. తేలికైనది, ఊరికో ప్లాట్‌కో ఒక సగటు తీసి ఆ సగటుల మీద టెస్ట్ చేయడం. రెండోది మిక్స్‌డ్ మోడల్, అంటే ఏ మొక్క ఏ ప్లాట్‌దో, ఏ మనిషిది ఏ ఊరో లెక్కలోకి తీసుకునే మోడల్. అది రాకపోతే మొదటి దారే నయం, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

అదే మనుషులను ముందూ తర్వాతా చూశాను. కై స్క్వేర్ చేయొచ్చా?

వద్దు. కై స్క్వేర్ వేరువేరు మనుషులున్న గుంపుల్లో శాతాలను పోల్చే టెస్ట్. హాస్టల్‌లో ఉండే 80 మంది అమ్మాయిలకు ఐరన్ మాత్రలు ఇచ్చి, ముందూ తర్వాతా రక్తహీనత ఉందో లేదో చూశామనుకోండి. ముందు 48 మందికి ఉంది, తర్వాత 36 మందికి ఉంది. ఈ రెండు అంకెలనే పట్టుకొని కై స్క్వేర్ చేస్తే విలువ 3.61, పీ సుమారు 0.057. "తేడా లేదు" అని రాసేస్తారు. కానీ ఆ పట్టికలో మొత్తం కూడి చూడండి, 160 వస్తుంది. ఉన్నది 80 మందే కదా!

అడగాల్సింది ఎవరు మారారు అని. రెండుసార్లూ రక్తహీనత ఉన్నవాళ్లు 30 మంది, రెండుసార్లూ లేనివాళ్లు 26 మంది అనుకుందాం. వీళ్లు మాత్రల గురించి ఏమీ చెప్పరు. బాగుపడినవాళ్లు 18 మంది, కొత్తగా రక్తహీనతలోకి వెళ్లినవాళ్లు 6 మంది. మాత్రల ప్రభావమే లేకపోతే ఈ 24 మంది అటూ ఇటూ చెరిసగం ఉండాలి. మెక్‌నెమార్ టెస్ట్ పోల్చేది సరిగ్గా దీన్నే: (18 – 6) వర్గాన్ని 24తో భాగిస్తే 6.0, పీ సుమారు 0.014. అదే డేటా, నిర్ణయం తారుమారైంది.

ఇంకో సంగతి. మెక్‌నెమార్ సరైన టెస్టే అయినా, మాత్రలు తీసుకోని గుంపు లేదు కాబట్టి ఆ మార్పు మాత్రల వల్లే వచ్చిందని చెప్పలేం. మధ్యలో హాస్టల్ మెనూ మారి ఉండొచ్చు. అది డిజైన్ లోపం, టెస్ట్ దాన్ని పూడ్చదు. హీమోగ్లోబిన్‌ను అంకెగానే కొలిచి ఉంటే, 12 గ్రాముల దగ్గర గీత గీసి "ఉంది, లేదు"గా విడగొట్టకుండా పెయిర్డ్ టీ టెస్ట్ (ఒక్కొక్కరి ముందూ తర్వాతా తేడాల సగటు సున్నాయేనా అని చూసేది) చేయడం ఇంకా మేలు. గీత గీసిన ప్రతిసారీ సమాచారం కొంత పారబోసినట్టే.

రైతుల పొలాల్లో వేసే పోలిక ప్రయోగాలకూ ఇదే సూత్రం. పన్నెండు మంది రైతుల దగ్గర పక్కపక్క మళ్లలో వరంగల్ 44 అనే వరి రకం, వాళ్లు మామూలుగా వేసే రకం నాటితే, జత కుదిరేది రైతు దగ్గర. ఒక్కో రైతు పొలంలో తేడా తీసి, ఆ పన్నెండు తేడాల మీద పెయిర్డ్ టెస్ట్. రెండు వేరు గుంపులుగా చూస్తే మంచి నేల రైతుకూ చవిటి నేల రైతుకూ ఉన్న తేడాలో రకం తేడా కొట్టుకుపోతుంది.

టీ టెస్టా, మాన్ విట్నీయా? డేటా నార్మల్ కాదని షాపిరో విల్క్ చెప్పింది.

ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే, కొంచెం ఓపిగ్గా చూద్దాం. టీ టెస్ట్ పోల్చేది సగటులను, మాన్ విట్నీ పోల్చేది విలువల వరుసక్రమాన్ని (ర్యాంకులను). షాపిరో విల్క్ అన్నది నార్మాలిటీని చూసే టెస్ట్.

మొదట, నార్మల్‌గా ఉండాల్సింది మొత్తం డేటా కాదు. గుంపు సగటు తీసేశాక మిగిలేవి, అంటే రెసిడ్యువల్స్. చల్క నేలల పత్తి దిగుబడి, నల్లరేగడి దిగుబడి ఒకే కాలమ్‌లో పోసి హిస్టోగ్రామ్ గీస్తే రెండు మూపురాలు కనబడొచ్చు. షాపిరో విల్క్ "నార్మల్ కాదు" అంటుంది. ఆ రెండు మూపురాలు మీరు వెతుకుతున్న తేడానే! దేని నేలలో దాన్ని విడిగా చూస్తే సాఫీగా ఉండొచ్చు. కాలమ్ మొత్తానికి నార్మాలిటీ టెస్ట్ చేసి నాన్ పారామెట్రిక్‌కు (మాన్ విట్నీ లాంటి ర్యాంకు టెస్టులకు) మారిన థీసిస్‌లు చాలానే కనబడతాయి.

రెండోది, ఆ టెస్ట్ మీద ఆధారపడటమే అంత మంచిది కాదు. ఎనిమిది పరిశీలనలుంటే అది పెద్దగా దేన్నీ పట్టుకోలేదు, రెండు వేలుంటే పట్టించుకోనక్కర్లేని వంకరను కూడా పట్టుకుంటుంది. క్యూ క్యూ ప్లాట్ గీసి, చుక్కలు సరళరేఖకు దగ్గరగా ఉన్నాయో లేదో కంటితో చూడండి.

మూడోది, "30 కన్నా తక్కువుంటే టీ టెస్ట్ పనికిరాదు" అనే మాట. టీ టెస్ట్ పుట్టిందే చిన్న శాంపిళ్ల కోసం. డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి విలియం గోసెట్ దాన్ని 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో ప్రచురించాడు. కంపెనీలో ఆయన ముందున్న చిక్కే కొద్దిపాటి నమూనాలతో తేల్చుకోవాల్సి రావడం. చిన్న శాంపిల్‌లో విపరీతమైన విలువలుంటే జాగ్రత్తపడాలి, అంతే.

ఆచరణలో నేను చెప్పేది: అంకె రకం డేటాకు, రెండు విడి గుంపులకు వెల్చ్ టీ టెస్ట్. రెండు గుంపుల విస్తరణ సమానంగా ఉండాలన్న షరతు దానికి లేదు. ముందు లెవీన్ టెస్ట్‌తో ఆ సమానత్వం చూసి, దాన్నిబట్టి ఏ టీ టెస్టో తేల్చుకునే తిప్పలూ ఉండవు. ఆసుపత్రిలో ఉన్న రోజులు, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష), ఖర్చు లాంటివి ఒకవైపు బాగా సాగి ఉంటాయి. వాటికి లాగ్ తీసి టీ టెస్ట్ చేయొచ్చు, లేదా మాన్ విట్నీ. అయితే మాన్ విట్నీ "మధ్యగతాలను పోలుస్తుంది" అని రాయకండి. ఒక గుంపులోంచి ఒకరిని, రెండో గుంపులోంచి ఒకరిని తీస్తే ఎవరి విలువ ఎక్కువగా ఉండే మొగ్గు ఉందో అది చూస్తుంది. రెండు పంపిణీల ఆకారం ఒకేలా ఉన్నప్పుడే అది మధ్యగతాల పోలిక అవుతుంది.

సగటు రాయాలా, మధ్యగతం రాయాలా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్ సంగతే తీసుకోండి. తెల్లారి పేపర్లో పత్తికో మిర్చికో వచ్చే జెండా పాట ధర ఆ రోజు పలికిన పై ధర. చాలామంది రైతుల చేతికి వచ్చేది అంతకన్నా తక్కువే. జెండా పాటను చూసి "రైతుకు ఇంత వచ్చింది" అని రాస్తే అది సగటూ కాదు, మధ్యగతమూ కాదు, గరిష్ఠ విలువ. ధరల మీద పనిచేసే స్కాలర్లు మొదట చూసుకోవాల్సింది, చేతిలో ఉన్న కాలమ్ ఏ ధరో. మోడల్ ధరా (ఎక్కువగా పలికిన ధర), కనిష్ఠమా, గరిష్ఠమా?

ఇక ప్రశ్నకు జవాబు. రెండువైపులా సమంగా ఉన్న డేటాకు సగటు, ప్రామాణిక విచలనం. ఒకవైపు సాగినదానికి మధ్యగతం, దాంతోపాటు 25, 75 శాతాల దగ్గరి విలువలు. రైతులందరికీ కలిపి మొత్తం ఎంత డబ్బు వచ్చిందన్నది ప్రశ్న అయితే, డేటా ఎంత సాగినా సగటే కావాలి.

తేజ, చపాట, వండర్ హాట్ మిర్చి రకాల ధరలు రెండు నెలలవి తీశాను. మూడు గుంపులు కదా, అనోవా?

ఒక వరుస అంటే ఇక్కడ ఒక రోజు. ఆ రోజు మార్కెట్ మొత్తం చల్లబడితే మూడు రకాలూ దిగుతాయి. కాబట్టి రోజు ఒక బ్లాక్. మామూలు వన్ వే అనోవా చేస్తే రోజుల మధ్య హెచ్చుతగ్గులన్నీ ఎర్రర్‌లోకి పోతాయి. రోజును బ్లాక్‌గా పెట్టి అనోవా చేయాలి, లేదా ర్యాంకులతో అదే పని చేసే ఫ్రీడ్‌మన్ టెస్ట్. 1937లో ఆ టెస్ట్ తెచ్చింది తర్వాతి కాలంలో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మిల్టన్ ఫ్రీడ్‌మనే.

ఇంతటితో అయిపోలేదు. నిన్నటి ధరకూ ఇవాళ్టి ధరకూ సంబంధం ఉంటుంది. అరవై రోజుల ధరలంటే అరవై విడి పరిశీలనలు కావు. టైమ్ సిరీస్ పద్ధతులు తెలిసినవాళ్లతో ఒక్కసారి కూర్చోండి.

మూడు, నాలుగు గుంపులుంటే జతలు జతలుగా టీ టెస్టులు చేస్తే ఏమవుతుంది?

నాలుగు గుంపులకు ఆరు జతలు. ఒక్కోదానికి 5 శాతం పొరపాటు అవకాశం ఇస్తే, ఆరింట్లో కనీసం ఒక్కటైనా ఉత్తిపుణ్యానికి సిగ్నిఫికెంట్ (పీ 0.05 కన్నా తక్కువ) అయ్యే అవకాశం, ఆరూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అనుకుంటే, సుమారు 26 శాతం. ఇరవై టెస్టులైతే 64 శాతం. అందుకే ముందు అనోవా, తర్వాత అన్ని జతలూ కావాలంటే టూకీ టెస్ట్, కంట్రోల్‌తో (మందు ఇవ్వని గుంపుతో) మాత్రమే పోల్చాలంటే డన్నెట్ టెస్ట్. డంకన్ టెస్ట్ మన వ్యవసాయ థీసిస్‌లలో పాతుకుపోయింది, ఏ, బీ, సీ అక్షరాలతో (తేడా తేలనివాటికి ఒకే అక్షరం) పట్టిక అందంగా ఉంటుంది. కానీ తప్పుడు తేడాల విషయంలో అది చాలా ఉదారం.

నత్రజని మోతాదు ప్రయోగాల గురించి విడిగా చెప్పాలి. హెక్టారుకు 0, 60, 120, 180 కిలోలు వేశారు. ఇవి నాలుగు పేర్లు కావు, ఒక కొలబద్ద మీద నాలుగు బిందువులు. వీటికి టూకీ అక్షరాలు తగిలించి "120, 180 మధ్య తేడా లేదు" అనడం కన్నా, దిగుబడికి ఒక వక్రరేఖ అమర్చి ఎక్కడ చదునవుతుందో చెప్పండి. రైతుకు కావాల్సింది అదే. బహుశా 140 దగ్గర ఆపొచ్చేమో, ఆ మాట అక్షరాల పట్టిక ఎప్పటికీ చెప్పదు.

కై స్క్వేర్ ఎప్పుడు, ఫిషర్ ఎప్పుడు?

కై స్క్వేర్‌కు ఐదు కన్నా తక్కువ ఉండకూడదనే నియమం పట్టిక గళ్లలో కనబడే అంకెకు కాదు, ఎక్స్‌పెక్టెడ్ (గుంపుల మధ్య తేడాయే లేకపోతే రావాల్సిన) అంకెకు. అడ్డ మొత్తాన్ని నిలువు మొత్తంతో గుణించి, అందరి సంఖ్యతో భాగిస్తే అది వస్తుంది. 20 మంది చొప్పున రెండు గుంపులు, మొత్తం 8 మందికి కాంప్లికేషన్ వచ్చింది. ఎక్స్‌పెక్టెడ్ 20 × 8 ÷ 40 = 4. నాలుగు గళ్లలో రెండు ఐదుకు తక్కువ, కాబట్టి ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్. ఒక గడిలో 3 ఉన్నా ఎక్స్‌పెక్టెడ్ 7 ఉంటే కై స్క్వేర్‌కు ఇబ్బంది లేదు.

ఫిషర్ టెస్ట్ వెనుక చాయ్ కథ ఉంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో పాలు ముందు పోశారో డికాక్షన్ ముందు పోశారో తాగి చెప్పగలనంది. ఎనిమిది కప్పులు, అందులో నాలుగు ఒక రకం, నాలుగు ఇంకో రకం. ఊహతో అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1. అక్కడే పనిచేసిన రోనాల్డ్ ఫిషర్ లెక్క ఆ 70 దగ్గరే మొదలవుతుంది. కై స్క్వేర్ అంతకన్నా పాతది, 1900లో కార్ల్ పియర్సన్ తెచ్చాడు. మన తెలుగువాడైన సి.ఆర్. రావు 1948లో ఇచ్చిన స్కోర్ టెస్ట్ కుటుంబంలోకే కై స్క్వేర్ కూడా వస్తుందని తర్వాత తేలింది. 102 ఏళ్ల వయసులో, 2023లో, ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది.

కొత్త హీమోగ్లోబిన్ మీటర్‌కూ ల్యాబ్‌కూ కోరిలేషన్ 0.96 వచ్చింది. మీటర్ మంచిదేనా?

ఆ అంకెతో తెలియదు. మీటర్ ప్రతిసారీ కచ్చితంగా ఒక గ్రాము తక్కువ చూపించినా కోరిలేషన్ 1 వస్తుంది. 12.4 ఉన్న అమ్మాయికి 11.4 చూపించి రక్తహీనత అంటగట్టే మీటర్ అది. కోరిలేషన్ చెప్పేది రెండూ కలిసి పెరుగుతాయా అని, రెండూ ఒకే మాట చెబుతాయా అని కాదు. దానికి 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ చూపిన పద్ధతి ఉంది. ప్రతి మనిషికీ రెండు రీడింగుల తేడా, వాటి సగటు గీసి, తేడాలు ఎంత మేరలో ఉన్నాయో చూడాలి. ఆ మేర వైద్యానికి సరిపోతుందా అన్నది డాక్టరు తేల్చాలి, పీ విలువ కాదు. ఇద్దరు డాక్టర్లు ఒకే ఎక్స్‌రే చూసి "ఉంది, లేదు" అన్నప్పుడైతే కప్పా, అంటే కాకతాళీయంగా కుదిరేదాన్ని మినహాయించి వాళ్లు ఎంతగా ఏకీభవించారో చెప్పే కొలత.

శాంపిల్ సైజుకు 4పీక్యూ బై ఎల్ స్క్వేర్ వేశాను. సరిపోతుందా?

మీ ప్రశ్న "ఈ మండలంలో ఎంత శాతం మందికి బీపీ ఉంది" అయితే సరిపోతుంది. ఇక్కడ పీ అంటే పీ విలువ కాదు, ఉండొచ్చనుకునే శాతం; క్యూ అంటే 100లోంచి పీ తీస్తే మిగిలేది; ఎల్ అంటే అటూ ఇటూ ఒప్పుకునే పొరపాటు. పీ 50, ఎల్ 10 అనుకుంటే 4 × 50 × 50 ÷ 100 = 100 మంది. రెండు మందులను పోల్చే థీసిస్‌కు కూడా ఈ సూత్రమే వేసే అలవాటు ఉంది, అది తప్పు. ఆ సూత్రంలో రెండో గుంపే లేదు.

రెండు సగటులు పోల్చడానికి చేతిలెక్క ఒకటుంది. 80 శాతం పవర్ (నిజంగా తేడా ఉంటే పట్టుకునే అవకాశం), 5 శాతం సిగ్నిఫికెన్స్‌కు గుంపుకు సుమారు 16 × (ప్రామాణిక విచలనం ÷ పట్టుకోవాలనుకునే తేడా) వర్గం. విచలనం 2, తేడా 1 అయితే గుంపుకు 64 మంది. తేడా 0.5 చాలు అంటే 256. సగం తేడాకు నాలుగింతల మంది కావాలి. ఆరు నెలల పోస్టింగులో అంతమంది దొరకరని తెలిస్తే, ప్రశ్న మార్చుకోవాల్సింది అప్పుడే.

"పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అస్సలు ఒప్పుకోను" దాకా ఐదు ఆప్షన్ల ప్రశ్నలకు?

ఒక్క ప్రశ్నను విడిగా విశ్లేషిస్తే మాన్ విట్నీ, క్రుస్కల్ వాలిస్ లాంటివి. పది, పదిహేను ప్రశ్నలు కూడి స్కోరు చేస్తే దాన్ని అంకెగా చూసి టీ టెస్ట్ చేసినా ఎవరూ తప్పుపట్టరు. తిరగేసి అడిగిన ప్రశ్నలకు మార్కులు తిరగేశారో లేదో మాత్రం చూసుకోండి.

రిగ్రెషన్ ఎప్పుడు? లాజిస్టిక్ అంటే ఏమిటి?

ఒకేసారి అనేక కారణాలు చూడాల్సినప్పుడు. ఫలితం అంకె అయితే లీనియర్, ఉంది లేదు అయితే లాజిస్టిక్. ఆకుకు ఎన్ని తెల్లదోమలు అనే లెక్కింపు అయితే పాయిసాన్ లేదా నెగటివ్ బైనామియల్. ఎన్ని నెలలకు అనే కాలమైతే కాప్లాన్ మేయర్ గీతలు, లాగ్ ర్యాంక్, కాక్స్ మోడల్. మధ్యలో ఊరికెళ్లి మళ్లీ రాని పేషెంట్లను డేటాలోంచి తీసేయకండి. చివరిసారి కనబడిన రోజుదాకా వాళ్లు బాగానే ఉన్నారన్నది కూడా సమాచారమే, ఆ పద్ధతులు దాన్ని వాడుకుంటాయి.

లాజిస్టిక్‌లో చూసుకోవాల్సింది ఒకటుంది. 300 మంది పేషెంట్లు, 24 మరణాలు. ఒక్కో వేరియబుల్‌కు కనీసం పది మరణాలు ఉండాలనే ఉజ్జాయింపు నియమం ప్రకారం మోడల్‌లో రెండు వేరియబుల్స్‌కే చోటు. పద్నాలుగు పెట్టి వచ్చిన ఆడ్స్ రేషియోలను (ఒక్కో కారణం ప్రభావం ఎంతో లాజిస్టిక్ ఇచ్చే అంకెలను) నమ్మలేం. ఆ రెండూ ఏవో రోగం గురించి తెలిసినదాన్నిబట్టి ముందే నిర్ణయించుకోండి.

పీ విలువ 0.06 వచ్చింది సార్, ఏం చేయాలి?

ఏమీ చేయొద్దు. టూ టెయిల్‌ను (తేడా ఎటువైపున్నా చూసే టెస్ట్‌ను) వన్ టెయిల్ (ఒకవైపే చూసేది) చేస్తే 0.03 అవుతుందని ఎవరో చెబుతారు, వినకండి. ఇంకో ఐదుగురిని కలిపి మళ్లీ చూద్దామనీ అంటారు. అదీ వద్దు.

తేడా 0.6 గ్రాములు, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (డేటాతో పొసిగే తేడాల మేర) మైనస్ 0.03 నుంచి 1.23 దాకా అని రాయండి. చదివేవాళ్లకు విషయం అర్థమవుతుంది: అసలు తేడా సున్నా దగ్గర ఉండొచ్చు, గ్రాము పైన కూడా ఉండొచ్చు, ఈ శాంపిల్‌తో తేలలేదు. "తేడా లేదు" అని మాత్రం రాయకండి, అది మీరు చూపించలేదు. 0.05 లాంటి గీత ఒక్కదాన్నే చూసి నిర్ణయాలు తీసుకోవద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటనే ఇచ్చింది. కొందరు ఎగ్జామినర్లకు ఆ గాలి ఇంకా సోకలేదు, నిజమే. అయినా ఇంటర్వల్ రాసి ఉంటే మాట్లాడటానికి మీకు ఆధారం ఉంటుంది.

మేడారం జాతరలో 600 మందిని సర్వే చేశాను. ఏ టెస్ట్ పెడితే భక్తులందరికీ వర్తిస్తుంది?

ఏదీ కాదు. ఆర్టీసీ బస్టాండ్ దగ్గర నిలబడి అడిగితే బస్సులో వచ్చినవాళ్లే దొరుకుతారు. ఎడ్లబండ్లలో వచ్చి జంపన్నవాగు పక్కన గుడారం వేసుకున్న కుటుంబాలు, సొంత కార్లలో వచ్చి వెంటనే తిరిగిపోయేవాళ్లు మీ షీట్‌లో లేరు. 600ను 6,000 చేసినా వాళ్లు రారు. వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల్లో, ప్రతి ఇరవయ్యో మనిషిని అడగడం లాంటి ఏర్పాటు ముందే చేసుకోవాలి. జాతర రెండేళ్లకోసారి. ఇప్పటికే సర్వే అయిపోయి ఉంటే, "బస్సులో వచ్చిన భక్తులు" అని టైటిల్‌లోనే రాసుకోండి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? సెంటర్‌లో ఇచ్చి చేయించుకోవచ్చా?

ఆర్, జమోవి ఉచితం. జమోవిలో మెనూలు నొక్కుతూ పోవచ్చు, ఒక ఆదివారం కూర్చుంటే వచ్చేస్తుంది. డబ్బులిచ్చి చేయించుకుంటే అడ్డుచెప్పను, కానీ సెంటర్‌వాళ్లకు మీ వరుస అంటే ఏమిటో తెలియదు. వాళ్లు అడగరు కూడా.

వైవాలో "ఈ టెస్టే ఎందుకు" అంటే ఏం చెప్పాలి? మెథడ్స్‌లో ఎట్లా రాయాలి?

"ఎస్‌పీఎస్‌ఎస్ వాడి తగిన టెస్టులు చేయబడ్డాయి" అనే వాక్యం తీసేయండి. దాని బదులు ఇట్లా రాయొచ్చు: "పరిశీలన యూనిట్ ప్లాట్. ప్రతి ప్లాట్‌లో పది మొక్కల సగటు తీసుకున్నాం. నాలుగు మందులను, రెప్లికేషన్‌ను బ్లాక్‌గా పెట్టి, అనోవాతో పోల్చాం. కంట్రోల్‌తో పోలికలకు డన్నెట్ వాడాం. రెసిడ్యువల్స్‌ను క్యూ క్యూ ప్లాట్‌తో పరిశీలించాం." ఎగ్జామినర్ అడగబోయే నాలుగైదు ప్రశ్నలకు జవాబులు ఇందులోనే ఉన్నాయి. ఆ తర్వాత వాళ్లు పురుగు గురించి అడుగుతారు, అది మీకు నాకన్నా బాగా తెలుసు.